అద్దె ఇంట్లో ఏసీ పోతే కొత్తది ఎవరు కొనాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మేం మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. అద్దె 24,000, అడ్వాన్స్ 48,000. బెడ్‌రూమ్‌లో ఓనర్ గారి స్ప్లిట్ ఏసీ మేం దిగేనాటికే ఉంది, 2014లో కొన్నదట. మొన్న ఎండల్లో కంప్రెసర్ పోయింది. ఇది పాత ఆర్ 22 గ్యాస్‌ది, కంప్రెసర్ మార్చినా దండగే, కొత్తది పెట్టించుకోండి అన్నాడు మెకానిక్. ఓనర్ గారేమో "వాడింది మీరు, కొత్తది మీరే పెట్టండి, లేదంటే అడ్వాన్స్‌లో 45,000 కోస్తా" అంటున్నారు. అగ్రిమెంట్‌లో "చిన్న చిన్న రిపేర్లు అద్దెకున్నవారివే" అని ఉంది. రెండు నెలల్లో ఖాళీ చేస్తున్నాం. ఏం చేయాలి?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. 45,000 కోసే హక్కు ఆయనకు లేదు. కానీ ఆయన చేత కొత్త ఏసీ పెట్టించే హక్కు మీకు ఉందా అంటే, అదీ గట్టిగా లేదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి గొడవ పడతారు.

మీ అద్దెకు రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో నెలకు 3,500 దాటిన అద్దెలు దాని పరిధిలోకి రావు, అంటే ఈ రోజుల్లో దాదాపు ఎవరివీ రావు. కాబట్టి మీకు దిక్కు మీ అగ్రిమెంటు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ ప్రకారం అద్దెకున్నవాళ్లు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలి, అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మాత్రం వాళ్ల నెత్తిన పడదు. పదేళ్లు దాటిన ఏసీలో కంప్రెసర్ పోవడం అరుగుదల కాకపోతే ఇంకేది అరుగుదల? ఏసీ ఇంట్లో భాగం కాదు, విడిగా ఇచ్చిన వస్తువు అని అవతలి లాయరు వాదించాడనుకోండి, అప్పుడు కాంట్రాక్టు చట్టంలో 151, 152 సెక్షన్లు ఉన్నాయి: మన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకుంటే, ఆ తర్వాత అది చెడిపోయినా బాధ్యత మనది కాదు. ఎటు తిరిగినా అక్కడికే వస్తుంది.

అసలు చిక్కు ఆ "జాగ్రత్త" అన్న మాట దగ్గరే. మూడేళ్లలో ఒక్కసారైనా సర్వీస్ చేయించారా? ఫిల్టర్లు మట్టికొట్టుకుపోయి, గ్యాస్ లీకవుతోందని తెలిసినా అలాగే నడిపి కంప్రెసర్ కాల్చేశారని ఆయన చూపించగలిగితే కథ మారుతుంది. సర్వీసు బిల్లులు, మెకానిక్‌కు డబ్బు కొట్టిన ఫోన్‌పే వివరాలు, ఏవుంటే అవి తీసి పెట్టుకోండి. మెకానిక్ చేత కూడా ఎందుకు పోయింది, యూనిట్ ఏ సంవత్సరంది అన్నది ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. నోటిమాటకు విలువ లేదు.

"చిన్న చిన్న రిపేర్లు" అన్న ముక్కను ఆయన పట్టుకుంటారు, పట్టుకోనివ్వండి. గ్యాస్ నింపడం, కెపాసిటర్ మార్చడం, సర్వీసింగ్, ఇవి చిన్న రిపేర్లంటే నేనూ ఒప్పుకుంటా. మొత్తం యూనిట్ తీసేసి కొత్తది పెట్టడం రిపేరే కాదు, ఇక చిన్నదెక్కడిది! కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో గీజర్ రిపేర్లు అద్దెకున్నవాళ్ల జాబితాలో ఉన్నాయి, దాన్ని చూపించి కొందరు ఓనర్లు బెదిరిస్తుంటారు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. పైగా అక్కడ కూడా రిపేరు అనే ఉంది, కొత్తది కొనివ్వమని లేదు.

ఒకవేళ మీ తప్పే ఉందనుకున్నా 45,000 రాదు. నష్టపరిహారం అంటే జరిగిన నష్టానికి తగినంత, అంతకు మించి కాదు. కాంట్రాక్టు చట్టం 73, 74 సెక్షన్ల సారం అదే. ఆయన పోగొట్టుకున్నది జీవితం అయిపోవచ్చిన ఒక పాత ఏసీని, కొత్త ఏసీని కాదు. అన్నట్టు ఆ 45,000 ఎస్టిమేట్ ఎప్పటిదో కూడా అడగండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది.

ఇక మీరు ఆయన్ని అడగగలిగేది. అగ్రిమెంట్‌లో ఫిట్టింగుల జాబితా ఉండి, అందులో ఏసీ రాసి ఉంటే, అది ఉందనే ఆ అద్దెకు ఒప్పుకున్నాం అని వాదించొచ్చు. జాబితా లేకపోతే ఓనర్ కొత్తది పెట్టి తీరాలని 108వ సెక్షన్ ఎక్కడా చెప్పదు. రెండు నెలల కోసం ఈ పోరాటం నేనైతే చేయను. మరీ ఉక్కగా ఉంటే మీరే ఒకటి కొనుక్కోండి, వెళ్లేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు, గోడకు పడ్డ బొక్కలు మాత్రం పూడ్పించాలి.

ఇప్పుడే ఓనర్‌కు వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: ఏసీ ఫలానా తేదీన ఆగిపోయింది, మెకానిక్ కాగితం జత చేశాం, ఇది అరుగుదల కాబట్టి అడ్వాన్స్‌లో కోతకు ఒప్పుకోం అని. ఆయన ఏం జవాబిచ్చినా చాట్ చెరిపేయొద్దు, రేపు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఆ చాట్‌కు సర్టిఫికెట్ జత చేయాలి, ఫోన్ మీ దగ్గరే ఉండాలి. అడ్వాన్స్ ఎలాగూ కోస్తారు కదా అని చివరి రెండు నెలల అద్దె ఎగ్గొట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అది మీ వైపు తప్పవుతుంది, ఇప్పటిదాకా మీది శుభ్రమైన కేసు.

ఖాళీ చేశాక డబ్బు ఇవ్వకపోతే ముందు లాయర్ నోటీసు, ఆ తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు. కేసు వేయకముందే ఇద్దర్నీ పిలిచి కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీ, అంటే తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది. కన్జ్యూమర్ కమిషన్‌కు వెళ్తానని మాత్రం అనకండి, ఇంటి ఓనరు, అద్దెదారు తగాదాలను అక్కడ సాధారణంగా తీసుకోరు. చివరికి సివిల్ కోర్టే అయితే కేసు వేయడానికి మూడేళ్ల గడువు ఉంది.

ఇంకొక్క మాట, పాడైన ఆ ఏసీని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయడం, పాత ఇనుము వాడికి అమ్మేయడం లాంటివి చేయొద్దు. అది ఆయన సొత్తు, మీకు సాక్ష్యం. ఫొటోలు తీసి, తాళంచెవులతో పాటు దాన్నీ అప్పగించినట్టు సంతకం తీసుకోండి.