వెనక చక్రాలు కుదిరాకే మిగతావి

అల్లుడూ,

నువ్వు పంపిన నీ రిమోట్ కంట్రోల్ రేసు కారు వీడియో మళ్లీ మళ్లీ వేసుకుని చూశాను. మలుపు మధ్యదాకా కారు బాగానే వస్తోంది. థ్రాటిల్ నొక్కావో లేదో తోక పక్కకు జరిగి గిర్రున తిరిగిపోతోంది. కింద నువ్వేమో "మామయ్యా, ముందుకు ఏ స్ప్రింగులు కొనమంటావు?" అని అడిగావు. ఏవీ కొనకు. చక్రాలు బాడీ బయటికి ఉండే ఈ ఓపెన్ వీల్ కార్లలో జబ్బు ఎక్కువగా వెనక ఉంటుంది, మందు మాత్రం అందరూ ముందు చక్రాలకు వేస్తారు.

టూరింగ్ కారు నడిపిన అలవాటుతో దీన్ని చూడొద్దు. అక్కడ మోటార్ నాలుగు చక్రాలనూ తిప్పుతుంది, ఒక టైరు పట్టు వదిలినా మిగతావి కాస్త ఆదుకుంటాయి. అసలు కారులో పదో వంతు సైజున్న నీ 1/10 ఎఫ్‌1 కారులో పరుగు పెట్టించేదీ, బ్రేక్ వేసేదీ కూడా ఆ వెనక రెండు టైర్లే. అందుకని ముందుగా వెనక ఎంత గ్రిప్ దొరుకుతుందో అంతా రాబట్టాలి. ఆ తర్వాత వెనక భాగం తట్టుకోగలిగినంత స్టీరింగే ముందు చక్రాలకు ఇవ్వాలి. నేను చెప్పేదంతా ఈ వరసలోనే ఉంటుంది. నువ్వూ ఇదే వరసలో చెయ్యి, మధ్యలో దూకొద్దు.

టైర్లతో మొదలుపెట్టు. రబ్బరు టైర్లే వాడుతున్నావు కాబట్టి వెనక మెత్తని కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం), ముందు దానికంటే గట్టిది ఉండాలి. నువ్వు నాలుగింటికీ ఒకే కాంపౌండ్ వేసినట్టున్నావు. సగం గొడవ అక్కడే. పట్టు కోసం టైర్లకు పూసే అడిటివ్ ద్రవం కూడా నాలుగింటికీ ఒకేలా పూయొద్దు. వెనక టైరుకు వెడల్పంతా, ముందు టైరుకు లోపలి వైపు సగం మాత్రమే పూయి. పది, పదిహేను నిమిషాలు నాననిచ్చి, ట్రాక్ మీద పెట్టే ముందు శుభ్రంగా తుడిచెయ్యి. తడిగా ఉన్న టైరుతో బయల్దేరితే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. అన్నట్టు, ఏ అడిటివ్ వాడనిస్తారో ట్రాక్ వాళ్లను ముందే అడుగు. కొన్ని చోట్ల ఒకే రకం వాడమంటారు, కొన్ని చోట్ల అసలు వద్దంటారు.

పరుగు అయ్యాక కారు తీసుకొచ్చి బల్ల మీద పడేసి ఫోన్ పట్టుకోవద్దు. వెంటనే టైర్లు చూడు. వెనక టైరు ఉపరితలం అంచు నుంచి అంచు దాకా ఒకేలా, మెరుపు లేకుండా నలిగి ఉంటే అది బాగా పనిచేస్తున్నట్టే. నున్నగా మెరుస్తుంటే పట్టు దొరకడం లేదని అర్థం. రబ్బరు సన్నగా ఉండలు చుట్టుకుని లేస్తుంటే ఆ ఎండకు ఆ కాంపౌండ్ మరీ మెత్తనైంది, లేదా టైరు దొర్లాల్సింది పోయి జారుతోంది. బొటనవేలితో టైరు అంచును రిమ్ము నుంచి పక్కకు లాగి చుట్టూ చూడు. ఎక్కడైనా జిగురు ఊడి ఉంటే ఆ చక్రంతో ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు. ఆ సన్నటి సందు మామూలుగా చూస్తే కనబడదు, లాగితేనే నోరు తెరుస్తుంది.

తారు ట్రాక్ కార్పెట్ లాంటిది కాదు, గంటగంటకూ మారిపోతుంది. పొద్దున్నే చల్లగా, దుమ్ముతో ఉన్నప్పుడు ఎంత మంచి కారైనా వెనక జారుతుంది. మధ్యాహ్నానికి అదే ట్రాక్ వేడెక్కి, కార్లు తిరిగిన గీత మీద రబ్బరు పేరుకుని గ్రిప్ పెరుగుతుంది. పొద్దున జారిందని సెట్టింగులన్నీ తిప్పేసినవాడు మధ్యాహ్నం మలుపు తిరగని కారుతో తల పట్టుకుంటాడు. కాబట్టి మొదటి రెండు మూడు ల్యాపులు టైర్లు వేడెక్కడానికే అనుకో. గీత దాటి బయటికెళ్తే టైర్లకు దుమ్ము పడుతుంది. ఆ తర్వాతి రెండు మలుపుల్లో కారు జారడం కారు తప్పు కాదు.

టైర్ల సంగతి తేలాక ట్వీక్ చూడు. ఛాసీ, అంటే కారు అడుగు పలక, మెలితిరిగి, లేదా ఒక పక్క స్ప్రింగు ఎక్కువ బిగిసి, బరువు ఒక మూలకు ఎక్కువ పడటాన్నే ట్వీక్ అంటారు. ఎడమకు బాగా తిరిగి కుడికి మొరాయించినా, నిటారుగా వెళ్తూ థ్రాటిల్ నొక్కగానే ఒక పక్కకు లాగినా అనుమానించాల్సింది దీన్నే. ముందుగా బ్యాటరీ, మోటార్, స్టీరింగ్ తిప్పే సర్వో అన్నీ పెట్టి కారు ఎడమ, కుడి బరువు సమానంగా ఉందో లేదో చూసి, తేడా ఉంటే చిన్న బరువు ముక్కలు అతికించి సరిచెయ్యి. తర్వాత కారును గాజు పలక మీదో, బాగా సమంగా ఉన్న బల్ల మీదో పెట్టు. ముందు భాగంలో సరిగ్గా నడిమధ్య కత్తి మొన ఆనించి నెమ్మదిగా పైకి లేపు. రెండు ముందు చక్రాలూ ఒక్కసారే లేవాలి. ఎడమది ముందు లేచిందనుకో, వెనక ఎడమ పక్క స్ప్రింగు ఎక్కువ బిగిసినట్టు. దాని స్క్రూను పావు చుట్టు వదులు చేసి, కారును బల్ల మీద రెండుసార్లు తట్టి మళ్లీ లేపు. ఓపిక కావాలి. చక్రాల వ్యాసాలు జత జతకూ సమానంగా లేకపోతే ఈ పరీక్షే అబద్ధం చెబుతుంది, ముందు అవి కొలువు. ట్రాక్ మీద గోడకు గుద్దిన ప్రతిసారీ ఇది మళ్లీ చూసుకోవాల్సిందే. చాలామంది చూడరు. నాకు అదే ఆశ్చర్యం.

ఇక డిఫ్, అంటే మలుపులో రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్. నీ వీడియోలో తోక నెమ్మదిగా కాక ఒక్కసారి విసిరినట్టు వస్తోంది, అందుకే నాకు దీని మీద గట్టి అనుమానం. రింగుల మధ్య బంతులుండే నీ బాల్ డిఫ్ మరీ బిగిస్తే మలుపులోకి వెళ్లేటప్పుడు కారు నిటారుగా పోతానంటుంది, బయటికొచ్చేటప్పుడు చెప్పకుండా జారుతుంది. మరీ వదులైతే థ్రాటిల్ నొక్కినప్పుడు లోపల జారి, బంతులూ రింగులూ కాలిపోతాయి. రెండు వెనక చక్రాలనూ గట్టిగా పట్టుకుని, బొటనవేలు చాపి స్పర్ గేరును (డిఫ్ మీది పెద్ద పళ్ల చక్రాన్ని) తిప్పి చూడు. బాగా బలం పెడితేనే కదలాలి. తర్వాత స్పర్ గేరు పట్టుకుని ఒక చక్రాన్ని తిప్పు. రెండోది ఎదురు దిక్కుకు నున్నగా తిరగాలి. వేలికి ఇసుక తగిలినట్టు గరగరమంటే బిగించడం, వదలడం కాదు, విప్పి కడగడమే పని. తారు మీద తిరిగే కారుకు సన్నటి ధూళి లోపలికి పోకుండా ఉండదు.

మోటార్, వెనక ఇరుసు ఉండే వెనక భాగాన్ని పాడ్ అంటారు. దానికి అటూ ఇటూ ఉండి ఊపును అణిచే గ్రీజు ట్యూబులు కూడా అంతే. గ్రీజులో దుమ్ము కలిసిందంటే ట్యూబు పట్టేస్తుంది. గ్రీజు ఎండిపోతే కారు చిన్న కదలికకే ఉలిక్కిపడుతుంది. రెండూ తుడిచి, రెండింటికీ సమానంగా కొత్త గ్రీజు పెట్టు. ఇవన్నీ సరిచేశాక కూడా వెనక జారితే అప్పుడు పక్క స్ప్రింగులు ఒక మెట్టు మెత్తనివి వెయ్యి. నీ ఛాసీలో వీలుంటే బ్యాటరీని కాస్త వెనక్కి జరుపు. రెండూ ఒకేసారి చేయకు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

నేలకూ ఛాసీకీ మధ్య ఎత్తు, అదే రైడ్ హైట్ గురించి ఎక్కువ ఆలోచించకు. తారు మీద 5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టు. ట్రాక్ నున్నగా ఉంటే 4 దాకా దించొచ్చు. ఛాసీ కింద కొత్త గీతలు ఎక్కడ పడ్డాయో చూస్తే ఎక్కడ రాసుకుంటోందో అదే చెబుతుంది.

ముందు వైపుకు ఇప్పుడు రా. టో సున్నా పెట్టు, అంటే పైనుంచి చూస్తే రెండు ముందు చక్రాలూ సమాంతరంగా ఉండాలి. క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వాలడం) మైనస్ ఒకటిన్నర డిగ్రీతో మొదలుపెట్టి, టైరు అరుగుదల చూసి సరిచెయ్యి. లోపలి అంచు ఎక్కువ అరిగితే తగ్గించు, బయటి అంచు అరిగితే పెంచు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరిగే నిలువు కడ్డీలు, అంటే కింగ్‌పిన్‌లు శుభ్రంగా ఉండి, వేలితో నొక్కితే ఎక్కడా పట్టకుండా పైకీ కిందికీ ఆడాలి. ఇంత చేశాక కూడా ముందు పట్టు ఎక్కువగా ఉందనిపిస్తే, అప్పుడు గట్టి స్ప్రింగు మాట ఆలోచిద్దాం. గ్రిప్ బాగా పెరిగి మలుపులో కారు పల్టీ కొడుతుంటే ముందు టైరు బయటి పక్క గోడకు సన్నగా సూపర్ గ్లూ పూసి ఆరబెట్టు, ఆ అంచు తారును కరవడం మానేస్తుంది.

ట్రాన్స్‌మిటర్‌లో డబ్బు ఖర్చు లేని మందులు చాలా ఉన్నాయి. స్టీరింగ్ డ్యూయల్ రేట్ (ముందు చక్రాలు గరిష్ఠంగా ఎంత తిరగాలన్న సెట్టింగు) తగ్గించు. నీ ట్రాక్‌లో అన్నిటికంటే బిగుతైన మలుపు తిరిగేంత ఉంటే చాలు. థ్రాటిల్‌కు ఎక్స్‌పో ఇస్తే మొదట్లో మోటార్ మెత్తగా అందుకుంటుంది. బ్రేక్ వెనక చక్రాలకే పడుతుంది కాబట్టి, థ్రాటిల్ వదలగానే దానంతటదే పడే డ్రాగ్ బ్రేక్ ఉంటే సున్నా చేసి చూడు.

గేరింగ్ అడిగావు. రోల్‌అవుట్ అంటే మోటార్ ఒక్క చుట్టు తిరిగితే కారు ఎంత దూరం కదులుతుందనేది. వెనక టైరు వ్యాసాన్ని 3.14తో గుణించి, దాన్ని పినియన్ (మోటార్ మీది చిన్న గేరు) పళ్లతో గుణించి, స్పర్ పళ్లతో భాగించు. టైరు 62 మిల్లీమీటర్లు, పినియన్ 28, స్పర్ 84 అయితే సుమారు 65 మిల్లీమీటర్లు వస్తుంది. ఇది లెక్క కోసమే, ఇదే పెట్టమని కాదు. మీ ట్రాక్‌లో అదే 21.5 టర్న్ (తీగ చుట్ల లెక్క) మోటార్ వాడేవాళ్ల రోల్‌అవుట్ కనుక్కుని, దానికంటే కాస్త తక్కువతో మొదలుపెట్టు. పినియన్ ఒక్కో పన్నే పెంచుతూ, నాలుగైదు నిమిషాలు తిప్పగానే మోటార్ వేడి చూడు. 70 డిగ్రీలు దాటుతుంటే ఒక పన్ను వెనక్కి రా. బాగా వేడెక్కితే అయస్కాంతం బలం తగ్గుతుంది, చల్లారాక అంతా తిరిగి రాకపోవచ్చు. మోటార్ మార్చాలన్న ఆలోచన మాత్రం ఇప్పుడే పెట్టుకోకు. వెనక టైర్లు ఉన్న బలాన్నే నేలకు దించలేకపోతుంటే ఇంకా బలం ఇచ్చి ఏం చేస్తావు?

ఒక చిన్న పుస్తకం పెట్టుకో. ఎండ ఎలా ఉంది, ఏ టైరు, ఏం మార్చావు, కారు ఏం చేసింది, ఇంతే రాయి. ఒక మార్పు చేశాక కనీసం ఐదారు ల్యాపులు తిప్పు. నచ్చకపోతే పాత సెట్టింగుకు వెళ్లి మళ్లీ తిప్పి, తేడా నిజమేనని తేల్చుకున్నాకే రాసుకో. ఒక్క మెరుపు ల్యాప్ చూసి మురిసిపోవద్దు. పది ల్యాపుల టైమ్‌లు దగ్గర దగ్గరగా వస్తున్నాయా లేదా అన్నదే చూడు.

నీ బాల్ డిఫ్ విప్పినప్పుడు రింగులు రెండు వైపులా ఫోటో తీసి పంపు. గాడి పడి ఉంటే రెండో వైపుకు తిప్పి వాడుకోవచ్చు, రెండు వైపులా పడితే మాత్రం కొత్తవి కొనాలి.

ఇట్లు,
మీ మామయ్య