పెద్ద గేమ్ కంపెనీలు కొత్తవి మానేసి పార్ట్ 2, పార్ట్ 3లే ఎందుకు తీస్తాయి?

ఖర్చు విపరీతంగా పెరగడం వల్ల, ఒక్క గేమ్ పోయినా కంపెనీకి గట్టి దెబ్బ తగిలే స్థితి వచ్చింది కాబట్టి. పెద్ద గేమ్ వెనక వందల మంది నాలుగైదేళ్లు పనిచేస్తారు, అన్నాళ్లూ జీతాలు పోతూనే ఉంటాయి, అమ్మకం మాత్రం చివర్లోనే. అందుకే జనానికి ముందే తెలిసిన పేరు పట్టుకుంటారు.

తిరుపతి బస్టాండ్ ఎదురుగా లక్షల అద్దెకు హోటల్ పెట్టినవాడు ఇడ్లీ, పొంగల్, మసాలదోశ దాటి పోడు కదా. కొత్త రకం వంట ఏదైనా మొదలైతే అది ఎస్వీ యూనివర్సిటీ వైపు తోపుడు బండి మీదే. అమ్ముడుపోకపోతే పోయేది ఆ రోజు సరుకే.

గేమ్‌లలోనూ అంతే. బాలాజీ కాలనీ హాస్టల్ కుర్రాళ్లను రాత్రంతా మేలుకోబెట్టిన పబ్జీనే చూడండి. వందమందిలో చివరికి మిగిలినవాడే గెలిచే ఆ పద్ధతికి ఊపు తెచ్చింది పెద్ద కంపెనీ కాదు. ఐర్లండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ 2013 ప్రాంతంలో వేరేవాళ్ల గేమ్‌కి సొంతంగా మార్పులు చేస్తూ మొదలుపెట్టాడు. తర్వాత ఒక కొరియా కంపెనీ పిలిచి పని ఇస్తే, 2017లో పబ్జీ వచ్చింది. అది హిట్టవడం చూశాక ఫోర్ట్‌నైట్ అనే ఇంకో గేమ్ అదే ఏడాది ఆ పద్ధతి అందుకుంది, పెద్దవాళ్లు ఆ తర్వాత వరస కట్టారు.

"పెద్ద కంపెనీల్లో బుర్ర ఉన్నవాళ్లు లేరు" అనుకోవడం పొరపాటు. బుర్రలకు కొదవలేదు, నష్టం భరించే ధైర్యం పైవాళ్లకు లేదు, అంతే.