స్టూడియో పెడుతున్నావంట గదా

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. ఉద్యోగం మానేశావంట, సైనిక్‌పురిలో పాత ఇల్లు అద్దెకి తీసుకున్నావంట, పెళ్ళిళ్ళు ఫంక్షన్లు తీయవంట, ఒక్కొక్క మనిషిని కూర్చోబెట్టి బొమ్మ గీసినట్టు నిదానంగా ఫోటో తీసి పెద్ద ప్రింట్ వేసి ఫ్రేమ్ కట్టి ఇస్తావంట, అదేం బతుకుతెరువురా తమ్ముడూ నీ మాటైతే వింటుంది కాస్త చెప్పు అంది. సరే అక్కా చెప్తాలే అన్నా. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలా. భయమేసింది, అబద్ధమెందుకు, కానీ ఆ రాత్రప్పుడే లేచి మన స్టూడియో తాళం తీసి జనాన్ని కూర్చోబెట్టిన ఆ స్టూలు మీద కాసేపు కూర్చొని వచ్చా. మనింట్లో ఈ పని ఇంకొకళ్ళు చేస్తారని నేనెప్పుడూ అనుకోలేదు.

నిన్ను ఆపడానికి రాయట్లేదు. తెలిసింది చెప్దామని రాస్తున్నా.

చిన్నవి ముందు. అడ్వాన్స్ లేకుండా డేట్ ఇవ్వకు. సిట్టింగ్ రేటులోనే ఒక ప్రింట్ కలుపు, లేకపోతే ఫైల్ పంపండి చాలంటారు, ఆ ఫైల్ ఫోన్లో పడి చస్తుంది. జీఎస్టీ ఏడాది రాబడి 20 లక్షలు దాటాకే, దానికిప్పుడే బుర్ర పాడుచేసుకోకు. ఇంకోటి, నువ్వు తీశావు కాబట్టి ఫోటో నీదే అనుకుంటావేమో, 1957 కాపీరైట్ చట్టంలో డబ్బులిచ్చి తీయించుకున్నవాళ్ళదే మొదటి హక్కు, వేరేగా రాసుకుంటే తప్ప. నేనొకసారి ఒక పెళ్ళికూతురి ఫోటో బాగా వచ్చిందని షోకేసులో పెట్టా, వాళ్ళ అత్తగారింటి నుంచి నలుగురొచ్చి రోడ్డు మీద నిలబెట్టి అడిగారు. ఎక్కడ పెట్టుకోవాలన్నా ముందే కాగితం మీద సంతకం తీసుకో.

ఉత్తరం కిటికీ ఉన్న గది దొరికిందని మీ అమ్మ చెప్పింది, అదృష్టం, ఎండ నేరుగా పడదు. కానీ మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్‌కి కూడా ఉత్తరానికే ఉంటాడు, పొద్దున సాయంత్రం ఎండ ఆ కిటికీలోంచే ఏటవాలుగా పడుద్ది. పల్చటి తెల్ల మల్లుగుడ్డ ఒకటి రెడీగా పెట్టుకో.

మొహం రంగు సంగతి మాత్రం కోపంగానే చెప్తా. వెలుతురు కొలిచే మీటర్‌కి మనిషి తెలీదు, అది చూసిందల్లా మధ్యరకం బూడిదరంగే అనుకుంటుంది. తెల్ల పంచె తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన్ని కూర్చోబెట్టి మీటర్ చెప్పినట్టు వింటే ఆ తెలుపుని బూడిద చేస్తా ఆయన మొహాన్ని బొగ్గు చేసేస్తుంది. అట్టాగని నల్లటి మొహం ఒక్కటే చూపించి కొలిస్తే పాలిపోయినట్టు వస్తుంది. గడ్డం దగ్గర మీటర్ పెట్టి ఆయన మీద పడే వెలుతుర్ని కొలువు, తర్వాత పంచె మడతలు కనపడుతున్నాయా లేదా చూసుకో. ఆ రోజుల్లో మేమంతా నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్ళం, నెగటివ్‌లో పెన్సిల్ గీత పడ్డచోట ప్రింట్‌లో తెల్లబడుద్ది, అట్టా నేను కొన్ని వందల మంది ఆడపిల్లల్ని తెల్లగా చేసిచ్చా, పెళ్ళిచూపులకని. ఇప్పుడు కంప్యూటర్లో నిమిషం పని గదా, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అమ్మాయిని కొంచెం తెల్లగా చెయ్యండి అని. చెయ్యకు. డబ్బులు వాపస్ ఇచ్చి పంపించినా పర్లేదు. చామనచాయ మీద పక్కనుంచి కిటికీ వెలుతురు పడితే బుగ్గ ఎముక మీద వచ్చే ఆ మెరుపు ఏ తెల్ల తోలుకీ రాదు, అది పట్టుకో, అదే నీ పని.

రాత్రిపూట ఒక్కదానివే ఉండి సిట్టింగ్‌లు పెట్టుకోకు, హెల్పర్‌గా ఒక ఆడపిల్లని పెట్టుకో. ఇది ముసలాడి చాదస్తం కాదు. నువ్వు ఆడపిల్లవి కావడం ఈ పనిలో నీకు కలిసొచ్చేదే, నా దగ్గరికొచ్చిన ఆడవాళ్ళందరూ పక్కన అన్నో మొగుడో నిలబడితే బిగుసుకుపోయి కూర్చునేవాళ్ళు. నిజాం గారి ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్‌కి ఇది ఎప్పుడో అర్థమైంది, 1892లోనే హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో పెట్టి దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడ చేతిలో పెట్టాడు. మీ ఊళ్ళోనే జరిగింది అది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా చెప్పలా.

1997లో రంగు ఫోటోలు మొత్తం ఊడ్చేశాయి. డార్క్ రూమ్ పక్కన చిన్న గదిలో పద్దెనిమిదేళ్ళ బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు, ఫోటోలు ప్రింట్ వేసే బ్రోమైడ్ పేపర్ ఖాళీ డబ్బాల్లో, నంబర్లేసి, రిజిస్టర్ రాసి పెట్టినవి. ఎక్కువ ఓర్వో ఫిల్మే. వాడేసిన హైపో, అదే ఫిల్మ్ కడిగే మందునీళ్ళు, కొనుక్కుపోయేవాడు ఒకడు నెలనెలా వచ్చేవాడు, అందులో వెండి దిగుద్ది గదా, పాత నెగటివ్‌లలో కూడా వెండి ఉంటుందండీ ఇచ్చేయండి అన్నాడు. గది ఖాళీ అవుద్ది, కొత్త ఫ్లాష్ లైట్లు పెట్టుకోవచ్చు అనుకున్నా. తక్కెడేసి తూచాడు. 2,300 రూపాయలిచ్చాడు. నా చేత్తోనే రిక్షాలోకి ఎక్కించా ఆ డబ్బాల్ని.

రెండు నెలలు తిరక్కుండా కొల్లూరు అవతల లంకల్లోంచి ఒకావిడ వచ్చింది. పెళ్ళైన కొత్తలో మొగుడూ తనూ మన దగ్గర ఫోటో దిగారంట, ఆ ఒక్కటే ఆయన ఫోటో. ఆయన ఆ సంవత్సరమే పోయాడు. వానలకి ఫ్రేమ్‌లో చెమ్మ చేరి ప్రింట్ అద్దానికి అంటుకుపోయింది, పీకబోతే మొహం దగ్గర ఊడి అద్దంతో వచ్చేసింది. ఫ్రేమ్ చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది. అట్ట వెనక నా చేతిరాతతో పెన్సిల్ నంబర్ ఉంది. అప్పట్లో మన కవర్ల మీద అచ్చేయించేవాణ్ణి, నెగటివ్‌లు భద్రపరచబడును అని. ఆ నంబర్ చెప్తే చాలు కాపీ ఇస్తానన్నారు గదా బాబూ అంది.

చెదలు పట్టినయ్యమ్మా, మొత్తం పోయినయ్ అన్నా.

అయ్యో బాబూ, మీకెంత నష్టం అంది. నన్ను ఓదార్చింది అమ్మలూ ఆవిడ. ఆ మాట ఇప్పటికీ నడుం వాల్చినప్పుడల్లా వినపడుద్ది.

అద్దంతో పాటే కాపీ తీయడానికి చూశా. చొక్కా వచ్చింది, ఒక చెవి వచ్చింది, ఆవిడ భుజం మీద ఆయన చెయ్యి వచ్చింది. పోనీ మీకు గుర్తుంటే ఎవరితోనైనా గీయిస్తారా అని అడిగింది. కళ్ళు మూసుకుని ఆలోచించా. ఆ సిట్టింగ్‌లో లైటు ఏ పక్క పెట్టానో గుర్తొచ్చింది, వెనక ఏ తెర కట్టానో గుర్తొచ్చింది. ఆయన మొహం గుర్తు రాలా. నా ఎదురుగా పది నిమిషాలు కూర్చున్న మనిషి.

అందుకే ఈ ఒక్క విషయంలో నిన్ను విసిగిస్తా, విసుక్కోకు. ప్రతి సిట్టింగూ మూడు కాపీలు, రెండు వేరువేరు డిస్కుల్లో, ఒకటి స్టూడియోలో కాకుండా ఇంకోచోట. ఆర్నెల్లకోసారి తెరిచి చూడు, తెరవని డిస్కు ఉన్నట్టు కాదు. కలంతో రాసే రిజిస్టర్ కూడా పెట్టు, పేరూ ఊరూ రాయి, ఆ మనిషి గురించి ఒక ముక్క కూడా రాయి. ప్రింట్ కాటన్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో వెయ్యి, అద్దానికీ ప్రింట్‌కీ మధ్య ఎడం ఉంచే మౌంట్ బోర్డు అట్ట లేకుండా ఫ్రేమ్ కట్టనివ్వకు, ఎందుకో ఇప్పుడు నీకు వేరే చెప్పక్కర్లేదు. 2024లో బెజవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ నుంచి తెలిసినవాళ్ళు తడిసిన ఆల్బమ్‌లు తెచ్చారు, మంచినీళ్ళ టబ్బులో వేసి ఒక్కొక్కటీ విడదీశా, పాత బ్రోమైడ్‌లు చాలా బతికినయ్, మొన్నమొన్నటి మామూలు ఇంకుజెట్ ప్రింట్‌లు రంగు కారిపోయి మొహాలే లేవు.

డబ్బు గురించి మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే. మొదటి ఏడాది అద్దె కట్టలేని నెల వస్తే నాకు చెప్పు, మీ నాన్నకి చెప్పకముందే.

వెనక తెరలు బయటదేశం నుంచి తెప్పిస్తున్నావంట, ఆపు. నాటకాల తెరలు గీసే ఆయన తెనాల్లో నాకు గీసిచ్చిన తెర ఉంది, మబ్బులు, ఒక మూల మెట్లు, అంతే. సురభి వాళ్ళ తెరలు చూసుంటావుగా, ఆ చెయ్యి. నలభై ఏళ్ళైనా రంగు పెచ్చు లేవలా. అది నీకే. రిజిస్టర్లు కూడా తీసుకుపో, నెగటివ్‌లు లేకపోయినా ఆ పేర్లు నీ దగ్గరుండనీ. ఆదివారం రా, బస్సులో రాకు, తెర మడవకూడదు, కర్రకి చుట్టే తీసుకెళ్ళాలి, తొమ్మిదడుగులుంటుంది, పైన క్యారియర్ ఉన్న కారు మాట్లాడుకో.

మీ మావయ్య