అండమాన్‌లో మొక్కల సర్వే పని ఎలా ఉంటుంది? మీ చెల్లెలి కోసం నా అనుభవం

బోటనీ ఎమ్మెస్సీ ఫైనలియర్లో ఉన్న మీ చెల్లెలు అండమాన్‌లో మొక్కల సర్వే ప్రాజెక్టులో చేరతానంటోందని, అక్కడ ఆడపిల్ల ఒక్కతే ఉండగలదా, రోజూ చేసే పనేమిటి అని అడిగారు. నేను 2002 నుంచి 2006 దాకా పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీవిజయపురంలో, అలాంటి ప్రాజెక్టులోనే పనిచేశాను. మాది శ్రీకాకుళం జిల్లా.

ముందు ఇంట్లోవాళ్ల టెన్షన్ సంగతి. ఆ ఊళ్లో తెలుగు వినబడని రోజు నాకు గుర్తులేదు. జంగ్లీఘాట్ రేవు దగ్గర చేపల వేటకు వెళ్లేవాళ్లలో మన ఉత్తరాంధ్రవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అద్దెకున్న ఇల్లు కూడా అలాంటి కుటుంబానిదే. ఇంటావిడను పిన్నీ అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను సొంత కూతురిలాగే చూసుకుంది. ఊళ్లో ఉండటం గురించి భయపడొద్దు. కష్టమంతా అడవిలోనే, ఆ తర్వాత మొక్కల్ని ఎండబెట్టడంలో.

అక్కడా గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే బాగా ముందే అస్తమిస్తాడు. డిసెంబర్లో సాయంత్రం అయిదింటికే పొద్దు పోతుంది. అడవి లోపల నాలుగింటికే ఆకు రంగు కనబడదు. అందుకని తెల్లారకముందే బయల్దేరేవాళ్లం. వెంట వచ్చేది రాంచీ వైపు నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ కుటుంబాల మనుషులు. వాళ్లు బెరడు మీద కత్తితో చిన్న గాటు పెట్టి, వాసన చూసి చెట్టు పేరు చెప్పేస్తారు. నేను చదువుకున్న టాక్సానమీకి, అంటే మొక్కల్ని గుర్తించి వర్గీకరించే శాస్త్రానికి, ఇంకో సగం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. వాళ్లు 'కోకో' అనేది మన దిరిసెన చెట్టే అని తెలిసినరోజు ఎంత సంతోషమేసిందో!

పడౌక్ చెట్టయితే మరీను. ముప్పై, నలభై మీటర్ల ఎత్తు, మొదట్లో గోడల్లా విచ్చుకున్న వేళ్లు. కింద రాలిన కాయ తీసి చూస్తే గుండ్రటి బిళ్ల, చుట్టూ పల్చటి రెక్క. శేషాచలం ఎర్రచందనం కాయ చూసినవాళ్లెవరైనా గుర్తుపట్టేస్తారు, రెండూ ఒకే ప్రజాతి. అక్కడ రాళ్లలో బక్కగా పెరిగే చెట్టుకు ఇక్కడ ఏటా మూడువేల మిల్లీమీటర్ల వాన తాగే చుట్టం ఉందన్నమాట.

నాకు చేదు అనుభవం ఎదురైంది నల్లజీడి జాతి చెట్టుతో. సెమెకార్పస్ కుర్జీ దాని పేరు. 1866లో ఈ దీవుల మొక్కల్ని సర్వే చేసిన కుర్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టారు. గైడు వద్దంటున్నా గ్లౌజులు లేకుండా కొమ్మ కోశాను. మర్నాటికి ముంజేతి మీద బొబ్బలు, పది రోజులు నిద్రలేదు. మన చాకళ్లు బట్టలమీద గుర్తుకు వాడిన నల్లజీడి రసం చర్మాన్ని ఎలా కాలుస్తుందో చిన్నప్పటి నుంచి తెలిసినదాన్నే. మీ చెల్లెలికి గ్లౌజులు తప్పనిసరని చెప్పండి. జలగలకు, పేము ముళ్లకు అలవాటుపడొచ్చు, దీనికి అలవాటుపడలేం.

ఇక అసలు పని. కొమ్మను పూతతోనో కాయతోనో కోస్తాం. పాత పేపరు మధ్య పరిచి, ఒక ఆకునైనా తిరగేసి పెడతాం, అడుగుభాగం కూడా కనబడాలి కదా. పువ్వు రంగు, వాసన, కోసినచోట కారిన పాల రంగు అప్పటికప్పుడే నోట్‌బుక్కులో రాసుకోవాలి. ఎండాక ఇవేవీ మిగలవు. వానాకాలంలో పేపర్లు రోజుకు రెండుసార్లు మార్చాలి, లేదంటే మర్నాటికి బూజు. రోజుల తరబడి క్యాంపుల్లో ఉంటే పేపర్ల కట్టను స్పిరిట్‌తో తడిపి పాలిథీన్ సంచిలో బిగించి తెచ్చేవాళ్లం. ఒకసారి ఆ మూట సరిగా కట్టలేదు. పన్నెండు రోజుల కలెక్షన్ నల్లగా కుళ్లి చేతికొచ్చింది. ఆ రాత్రి పిన్ని ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అప్పట్నుంచి ఆవిడే తెలుగు పేపర్లు పోగుచేసి ఇచ్చేది. మొక్కను తీశాక పేపరు మీద ఆకు రసం మరకగా దిగి ఉండేది, హెడ్డింగుల మీద ఈనెల ఆకారం.

ఇంత కష్టం ఎందుకంటే, ఈ దీవుల్లో మొక్కలు చాలావాటికి భూమ్మీద ఇంకో ఇల్లు లేదు. అండమాన్ మొక్కలకు బర్మా వైపు పోలిక, నికోబార్ మొక్కలకు సుమత్రా వైపు పోలిక. మధ్యలో 150 కిలోమీటర్ల టెన్ డిగ్రీ ఛానెల్. అండమాన్ అడవికి వెన్నెముకలాంటి గర్జన్ చెట్టు ఆ నీళ్లు దాటగానే ఒక్కటీ ఉండదు. వెతకాల్సింది ఇంకా ఉంది కూడా. నేను వచ్చేసిన చాలా ఏళ్లకు, 2014లో, లిటిల్ అండమాన్‌లోని కృష్ణానాలా అడవి నుంచి ఒక కొత్త అడవి అరటి జాతిని ప్రకటించారు. అరటి చెట్టంత చెట్టు అన్నాళ్లూ లెక్కలోకి రాలేదంటే ఆలోచించండి.

ఎండిన మొక్కను అట్ట కాగితానికి అంటించి లేబుల్ రాస్తే దాన్నే షీటు అంటాం. నాకు బాగా దగ్గరైన షీటు గ్రేట్ నికోబార్‌ది. 2003లో ఓడ ఎక్కి, కార్ నికోబార్, కమోర్తా మీదుగా క్యాంప్‌బెల్ బే చేరి, అక్కడినుంచి దక్షిణ తీరానికి వెళ్లాం. ఇసుక అంచున బారింగ్టోనియా ఏషియాటికా చెట్లు వరసగా ఉండేవి. దాని మొగ్గ సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లారేసరికి కేసరాలన్నీ రాలిపోతాయి. పువ్వుతో కావాలంటే రాత్రే కోయాలి. టార్చి వెలుతురులో చూశాను, అరచేతినిండా తెల్లటి దారాల కుంచె, చివర్లలో గులాబీ రంగు. మొక్కల్ని అదిమి ఎండబెట్టే ప్రెస్సులో పెట్టేటప్పుడే కొన్ని కేసరాలు రాలాయి, వాటిని చిన్న కాగితం పొట్లంలో కట్టి షీటుకే అంటించాను.

2004 డిసెంబర్ 26న నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను. ఆదివారం పొద్దున ఆరున్నరకు భూమి ఊగింది, తర్వాత సముద్రం వచ్చింది. పోయిన మనుషుల గురించి ఇక్కడ రాయలేను. మొక్కల సంగతే చెప్తాను. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొస ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. బారింగ్టోనియా పువ్వు కోసిన రాత్రి నేను నిలబడ్డ తీరం ఇప్పుడు సముద్రంలో ఉంది. ఉత్తరాన మాయాబందర్, డిగ్లీపూర్ వైపు అయితే నేల పైకి లేచింది, ఆటుపోట్లు అందక మడచెట్లు నిలువునా ఎండిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ పక్కనే సిప్పీఘాట్ వరిపొలాల్లోకి ఉప్పునీరు వచ్చి వెనక్కి పోలేదు. ఏడాదికి అక్కడ గట్ల పక్కన మడ మొక్కల నారు కనబడింది. ఆ పొలాల రైతు ఒకాయన నా పక్కన నిలబడి, 'ఇవి ఏం మొక్కలమ్మా?' అని అడిగాడు. పేరు చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ బారింగ్టోనియా షీటు మీద నా చేతిరాత లేబుల్ ఉంది: 'ఇసుక తీరం, పోటు గీతకు పది అడుగుల దూరం'. ఆ చెట్టు అక్కడ ఉండేదని చెప్పడానికి నా దగ్గరున్న ఆధారం అదొక్కటే.

మీ చెల్లెలికి నెట్ ఫెలోషిప్ వస్తే మంచిది, లేకపోయినా ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రకటనలు చూస్తుండమనండి. గిరిజన రిజర్వు ప్రాంతాలకు అనుమతి పత్రాలు వేరే ఉంటాయి, అవి చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, ఓపిక కావాలి. ఈలోగా ఈ వానాకాలంలోనే మీ ఊరి చెరువుగట్టు మీది మొక్కలు ఇరవై కోసి, ఎండబెట్టి, లేబుళ్లు రాయమనండి. ఏ రోజు కోసిన మొక్కకు ఆ రాత్రే లేబుల్ రాయాలి, మర్నాటికి వాయిదా వేయొద్దు. ఆ ఇరవై బూజు పట్టకుండా నిలబెట్టగలిగితే ఆమెను నిశ్చింతగా ఓడ ఎక్కించండి.