డాక్టరు దగ్గర దాపరికం

ప్రశ్న: అమ్మకు షుగర్. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటూ, డాక్టరుతో మాత్రం ‘రోజూ వేసుకుంటున్నా’ అంటుంది. తిడతారని భయం. ఏం చేయాలి?
– ఓ కూతురు, మలక్‌పేట

జవాబు: నేనూ ఆ తానులో ముక్కనేనమ్మా. కాకరకాయ రసం తాగుతూ మాత్రలు మానేసి ఆర్నెల్లు దాచాను. దాగితేగా! హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష గత 2, 3 నెలల షుగర్ సగటు బయటపెట్టేస్తుంది. అమ్మ మాట నమ్మి డాక్టరు మోతాదు పెంచారనుకోండి, అన్నీ సరిగ్గా వేసుకున్న రోజున షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. అసలెందుకు మానేస్తోందో అడిగారా? షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రతో కొందరికి కడుపులో తిప్పుతుంది. భోజనంతో వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. ఈసారి మిగిలిన మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా డాక్టరు బల్ల మీద నేను చేసింది అదే. ఆయన తిట్టలేదు, అట్టలు లెక్కపెట్టి, ‘రెండు పూటల మాత్ర ఒక పూటకి మారిస్తే వేసుకుంటారా?’ అన్నారు.