చందుర్తిలో చూడడానికి ఏముందండీ?

(ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం బండ్ల మీద ప్రయాణాల గురించే. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై, ఇప్పుడు పాత బులెట్ మీద ఊళ్లు తిరుగుతున్న మాస్టారి జవాబులు ఇవి.)

మాస్టారూ, నమస్కారమండీ. మాది పాలకొల్లు. మా బైక్ క్లబ్బులో పాతికమంది దాకా ఉన్నాం. మారేడుమిల్లి, లంబసింగి అందరూ వెళ్లేవే కదా, ఈసారి ఏదైనా యుద్ధభూమి చూసి వద్దామనుకున్నాం. సగం మంది బొబ్బిలి అంటున్నారు. నేను గొల్లప్రోలు దగ్గర చందుర్తి అన్నాను. "అక్కడేముందిరా, చేలు తప్ప" అని నవ్వుతున్నారు. నిజంగా ఏముందండీ? వెళ్తే ఎప్పుడు, ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

నవ్వినవాళ్లు చెప్పింది నిజమేనండీ, చేలే ఉంటాయి. కానీ 1758లో ఇంగ్లీషు వాళ్లకీ ఫ్రెంచి వాళ్లకీ అక్కడ జరిగిన యుద్ధాన్ని తేల్చింది కూడా ఒక చేనే. అందుకని నా ఓటు మీకే.

బొబ్బిలి గొప్పదే, కాదనను. 1757 జనవరిలో కోట తగలబడింది, తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకున్నాడు, ఆ కథ బుర్రకథల్లో విని పెరిగిన వాళ్లం మనం. అక్కడ స్మారక స్తంభం కూడా ఉంది, ఫొటోకి బావుంటుంది. చందుర్తి కథ దాని తరవాయి భాగం. బొబ్బిలి గొడవలో విజయనగరం విజయరామరాజు చనిపోయాక గద్దెకొచ్చిన ఆనంద గజపతికి ఫ్రెంచి వాళ్లతో చెడింది. 1758లో విశాఖపట్నాన్ని వాళ్ల చేతిలోంచి లాక్కుని, రండి బాబూ అని ఇంగ్లీషు వాళ్లకి కబురు పెట్టాడు. ప్లాసీ గెలిచి కలకత్తాలో కూర్చున్న క్లైవు, కర్నల్ ఫోర్డుని ఓడల మీద పంపించాడు. ఇటు చూస్తే ఫ్రెంచి సేనానుల్లో బుద్ధిమంతుడు బుస్సీని, వాళ్ల పై అధికారి లాలీ దక్షిణాదికి పిలిపించేసుకున్నాడు. ఆయన స్థానంలో కాన్‌ఫ్లాన్స్ అనే ఆయన మిగిలాడు.

1758 డిసెంబరులో ఇద్దరూ చందుర్తి దగ్గర ఎదురుపడ్డారు. ఫోర్డు దగ్గర 500 మంది దాకా తెల్ల సైనికులు, 2,000 మంది సిపాయిలు. కాన్‌ఫ్లాన్స్‌కి తెల్లవాళ్లు దాదాపు అంతే గానీ సిపాయిలు 6,000 మంది, ఫిరంగులూ చాలా ఎక్కువ. కాగితం మీద చూస్తే ఫ్రెంచి వాళ్లే గెలవాలి.

అక్కడ ఒక ఎత్తయిన పంటచేను అడ్డొచ్చింది. ఫోర్డు తెల్ల దళం ఆ చేను వెనక నిలబడింది, అవతలివాళ్లకి కనపడలేదు. కనపడింది పక్కనున్న సిపాయిలు. వాళ్లకేమో ఎర్ర కోట్లు తొడిగారు. ఎర్ర కోటు కనపడగానే, ఇదే ఇంగ్లీషు దళం అనుకుని ఫ్రెంచి వాళ్లు వాళ్ల మీద పడ్డారు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచేశాం అన్న ఊపులో ఫ్రెంచి వాళ్లు వరస తప్పి తరుముకుంటూ పోతుంటే, చేను వెనక నించి అసలు దళం బయటికొచ్చి కాల్చింది. అంతే, తారుమారు. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి ఆ రాత్రికే రాజమండ్రి చేరాడంటే ఎంత వేగంగా పారిపోయాడో చూసుకోండి. మీ క్లబ్బులో ఎవరూ అంత తొందరగా ఇంటికి రారు లెండి.

మరి ఏం చూడాలి? డిసెంబరులో వెళ్లండి. బండి ఊళ్లోనే పెట్టి, ఎవరినైనా అడిగి, నడుచుకుంటూ చేల వైపు వెళ్లండి. మనిషెత్తు ఎదిగిన చేను ఏదైనా కనిపిస్తే ఆగి, మీలో ఒకరిని అవతలి గట్టు మీదికి పంపండి. నాలుగు అడుగులు వేసేసరికి మనిషి మాయం. మాట వినపడుతుంది, మనిషి మాత్రం కనపడడు. ఫ్రెంచి వాళ్లు ఎందుకు మోసపోయారో పుస్తకంలో చదివితే నాకు నమ్మకం కలగలేదు, అక్కడ గట్టు మీద నిలబడ్డాకే కలిగింది. నేను అలా అటూ ఇటూ చూస్తుంటే పొలానికి వెళ్తున్న ఒక పెద్దాయన సైకిలాపి, "సర్వేకొచ్చారాండీ? మా గట్టు మాత్రం కదపకండి" అన్నాడు. యుద్ధం గురించి వచ్చానంటే ఇంకో అనుమానం మొదలైంది ఆయనకి. పాతికమంది లెదర్ జాకెట్లు వేసుకుని దిగితే ఆ ఊరివాళ్లు ఏమనుకుంటారో ఆలోచించుకోండి. ముందు టీ కొట్టు దగ్గర ఆగి, మీరెవరో, ఎందుకొచ్చారో చెప్పుకోవడం మంచిది. ఇంకో మాట, వెళ్లేముందు చదువుకోదలిస్తే ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ అన్న పేరుతో వెతకండి.

దారి సంగతి. మీరు తణుకు, రాజమండ్రి మీదుగా హైవే పట్టుకుంటామంటే నేను ఒప్పుకోను. పాలకొల్లు నించి 216 జాతీయ రహదారి ఎక్కండి. చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటుతారు, రాజోలు దాటాక బోడసకుర్రు దగ్గర వైనతేయ, అమలాపురం, ముమ్మిడివరం అయ్యాక యెదుర్లంక వంతెన మీద గౌతమి. మూడు పాయలూ దాటి యానాం, కాకినాడ, పిఠాపురం, గొల్లప్రోలు. అక్కణ్ణించి చందుర్తి దగ్గరే. ఒకవైపు 130, 140 కిలోమీటర్లు. ఒక రోజులో హాయిగా అయిపోతుంది.

ఈ దారే ఎందుకంటే, ఆ యుద్ధం సగం ఈ దారి పక్కనే నడిచింది. మీ నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఇంగ్లీషు వాళ్ల బట్టల కొఠీ ఉండేది, అక్కణ్ణించి వెళ్లిన నూలు బట్టకి ఇప్పటికీ ఆ ఊరి పేరే. సముద్రం వైపు బెండమూర్లంకలో ఒక కొఠీ, యానాం దగ్గర ఇంజరంలో ఇంకోటి. 1757లో బుస్సీ వరసగా ఈ మూడూ పట్టేసుకుని విశాఖపట్నం మీదికి వెళ్లాడు. యానాం అయితే 1954 దాకా ఫ్రెంచి వాళ్లదే కదా. గొల్లప్రోలు వైపు వెళ్లేసరికి గోదావరి కాలవలు అయిపోతాయి, ఏలేరు నీళ్లు మొదలవుతాయి. కొబ్బరితోటలు వెనకబడి భూమి విప్పారినట్టు కనిపిస్తుంది. ఫిరంగులు లాక్కుంటూ వచ్చిన సైన్యాలు కోనసీమ పాయల మధ్య ఎందుకు కొట్టుకోలేదో, అక్కడిదాకా వచ్చి ఎందుకు కొట్టుకున్నాయో బండి మీద వెళ్తుంటే అర్థమవుతుంది.

ఇక డిసెంబరుతో వచ్చే చిక్కులు. సార్వా కోతలు, నూర్పుళ్లు అప్పుడే. రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోస్తారు. ఎండిన వడ్ల మీద ముందు చక్రం ఎక్కిందా, బ్రేకు మాట మరిచిపోండి. గింజ టైరు కింద దొర్లుతుంది, బండి పక్కకి వాలిపోతుంది. అంతకన్నా ప్రమాదం రాళ్లు. బండ్లు రాకుండా ధాన్యం చుట్టూ పెద్ద పెద్ద రాళ్లు పేర్చి, సాయంత్రం ధాన్యం ఎత్తేసి రాళ్లు మాత్రం అక్కడే వదిలేస్తారు. చీకటి పడ్డాక అవి కనపడవు. కాబట్టి పొద్దు గుంకేలోపు కనీసం అమలాపురం చేరిపోవాలి. తెల్లారగట్ల బయల్దేరదాం అనే ఉత్సాహవంతుడు ప్రతి క్లబ్బులోనూ ఒకడుంటాడు, అతన్ని ఆపండి. కాలవ గట్ల మీద మంచు ఎనిమిదింటిదాకా పోదు, ట్రాక్టరు ట్రక్కులకి వెనక లైటు ఉంటే మీ అదృష్టం. చేపల లారీల్లోంచి ఐసు నీళ్లు కారి రోడ్డు జిడ్డుగా ఉంటుంది, పాలకొల్లు వాళ్లకి అది నేను చెప్పక్కర్లేదు.

పాతికమందీ ఒకే గుంపుగా వద్దు. ఎనిమిదేసి, తొమ్మిదేసి బండ్లుగా విడిపోయి పది నిమిషాల తేడాతో కదలండి. జంట వరసలో పక్కపక్కన నడపకుండా ఒకరు ఎడమకి, తర్వాతి వాళ్లు కొంచెం కుడికి, ఎడం పెట్టుకుని వెళ్లండి. ప్రతి గుంపులో చివరి బండి వాడి దగ్గర పంక్చరు సామాను, గాలి పంపు ఉండాలి. వాడు ఎవరినీ దాటకూడదు. యానాంలో చౌక అని పెట్రోలు కొట్టించుకోండి, ఇంకోటి కూడా చౌకే, దాని జోలికి మాత్రం తిరిగి ఇల్లు చేరేదాకా వెళ్లొద్దు.

డబ్బు లెక్క ముందే తేల్చుకోండి. చందుర్తి గెలిచిన వాళ్లు కూడా అక్కడే తగువు పడ్డారు. ఫోర్డు చేతిలో సైన్యానికి ఇచ్చే డబ్బు లేదు, ఇస్తానన్న గజపతి ఇవ్వలేదు. వారాల తరబడి పేచీ నడిచింది, ఆ సందులో ఫ్రెంచి వాళ్లు బందరులో సర్దుకున్నారు. కాబట్టి బయల్దేరే ముందు రోజే మనిషికింత అని వసూలు చేసి ఒక్కరి దగ్గరే పెట్టండి.

మా క్లబ్బులో 350 సీసీ కంటే తక్కువ బండి ఉంటే గ్రూప్ రైడ్‌కి రానివ్వరట. నాది 110 సీసీ స్కూటీ. నాకు ఇలాంటి చోట్లు చూడాలని చాలా ఇష్టం. ఏం చెప్పమంటారు వాళ్లకి?
– ఒక సోదరి, అమలాపురం

ఏం చెప్పక్కర్లేదమ్మా, పై జవాబులో దారి ఇచ్చాను, మీ స్నేహితులిద్దర్ని వెంటబెట్టుకుని మీరే బయల్దేరండి. ఈ రోడ్డు మీద ధాన్యమూ గేదెలూ దాటుకుంటూ ఎవరి బండి అయినా గంటకి నలభై, యాభై దాటేది తక్కువే. ఆ వేగానికి స్కూటీ చాలు. వాళ్లు మనసు మార్చుకుంటే ఒక్కటి అడగండి, గుంపులో మీ బండిని ముందు బండికి వెంటనే వెనక పెట్టమనండి. నిదానంగా వెళ్లే బండి చివర ఉంటే తెలియకుండానే తెగిపోతుంది, ముందుంటే అందరూ దాని వేగానికి వస్తారు. చిన్న చక్రాలు కాబట్టి గుంతల దగ్గర మాత్రం మీరు వాళ్లకంటే జాగ్రత్తగా ఉండాలి. బయల్దేరేముందు టైర్లలో గాలి చూసుకోండి.

యుద్ధభూమి చేరాక ఫ్రెంచి జట్టు, ఇంగ్లీషు జట్టు అని రెండుగా విడిపోయి చిన్న రేసు పెట్టుకుందామని మా కుర్రాళ్ల ఐడియా. వీడియో బాగా వస్తుందట. మీరేమంటారు?
– ఒక క్లబ్ సెక్రటరీ, రావులపాలెం

వద్దంటాను. మొదటిది, అది కోతల కాలంలో రైతుల దారి, రేసుకి జాగా కాదు. రెండోది, ఏ జెండా కింద నిలబడతారు మీరు? ఫోర్డు సైన్యంలోనూ కాన్‌ఫ్లాన్స్ సైన్యంలోనూ ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. అప్పుడు వాళ్లకి జీతం తప్ప ఇంకో గతి లేక వెళ్లారు. మీకేం పట్టింది? వీడియో కావాలంటే ఊళ్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, యుద్ధం గురించి వాళ్ల తాతలు ఏం చెప్పేవారో అడిగి తీయండి. సైలెన్సర్లు మార్పించుకున్న వాళ్లని ఇంటి దగ్గరే వదిలేసి రండి.

చందుర్తి అయ్యాక ఆ యుద్ధం ఆఖరి మజిలీ బందరు కూడా చూడాలనుంది. ఒకే ట్రిప్పులో కుదురుతుందా?
– ఇంకో పాఠకుడు, నరసాపురం

కుదరదు, అటొక చివర, ఇటొక చివర. మీకైతే బందరు ఇంకో ఆదివారానికి తేలిక, అదే 216 మీద పడమటి వైపు తిరగడమే. 1759 ఏప్రిల్లో ఒక రాత్రి ఫోర్డు మందుగుండు అయిపోవస్తుంటే తెగించి కోట మీద పడి పట్టుకున్నాడు. వెనకనించి నిజాం సలాబత్ జంగు సైన్యం వస్తోంది, ఇంకో దారి లేదు మరి. ఆ తర్వాత సలాబత్ జంగే ఇంగ్లీషు వాళ్లతో ఒప్పందం చేసుకుని బందరు ప్రాంతం రాసిచ్చేశాడు. బందరు కోటలో మిగిలిన గోడలు, ఊళ్లో డచ్చి వాళ్ల సమాధులు చూడొచ్చు. యుద్ధం జరిగిన నెలలోనే వెళ్లమని చందుర్తికి చెప్పాను గానీ బందరుకి చెప్పను. ఏప్రిల్ ఎండకి ఆ బురద నేలల మీద హెల్మెట్ పెట్టుకుని నిలబడలేరు. ఫిబ్రవరిలో వెళ్లండి, మధ్యాహ్నం భోజనం వేళకి ఊళ్లోకి వచ్చేయండి.