క్రూయిజ్ ఆగే ప్రతి రేవులోనూ టూర్ కొనాలా?

ప్రశ్న: మాది చెన్నై, కొరట్టూరు. నేనూ మావారూ ఐటీలో పనిచేస్తున్నాం. మే నెల సెలవుల్లో అత్తయ్య, మావయ్య, తొమ్మిదేళ్ల పాపతో కలిసి సింగపూర్ నుంచి ఐదు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్తున్నాం. విమానం, ఓడ డబ్బులు కట్టేశాం. ఓడ వరసగా మలేసియాలోని పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లలో ఆగి మళ్లీ సింగపూర్ వస్తుంది. మూడు చోట్లా క్రూయిజ్ కంపెనీ అమ్మే షోర్ ఎక్స్‌కర్షన్లు, అంటే రేవులో దిగి ఊరు చూసొచ్చే టూర్లు, ఐదుగురికీ తీసుకుంటే 1,20,000 రూపాయలవుతోంది. కౌలాలంపూర్, బటు కేవ్స్ టూర్ మనిషికి 8,500. పెనాంగ్ టూర్ 6,000. ఫుకెట్‌లో స్పీడ్ బోటు మీద ఫిఫీ దీవులకి 9,500. పాపకీ దాదాపు అదే ధర. ఈ ట్రిప్ కోసం దాచినదాంట్లో ఇక మిగిలింది 75,000. తక్కిన 45,000 క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెడదామంటారు మావారు. బయట బుక్ చేసుకుంటే సగంలో అయిపోతుందని ఆఫీసులో అంటున్నారు. బయట వెళ్తే ఓడ మనల్ని వదిలేసి పోతుందని మావయ్య టెన్షన్. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ మావయ్యగారి భయం సంగతి చూద్దాం. డబ్బు లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఆయన చెప్పింది నిజమే. కంపెనీ టూర్‌లో వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ మీ బస్సు కోసం ఆగుతుంది. ఆగడం కుదరకపోతే మిమ్మల్ని తర్వాతి రేవుకి చేర్చే ఏర్పాటు కంపెనీయే చూస్తుంది. మీ అంతట మీరు తిరిగి ఆలస్యంగా వస్తే మాత్రం ఎవరూ ఆగరు. అక్కణ్నుంచి ప్రయాణం, రాత్రి హోటలు అన్నీ మీ జేబులోంచే. అంటే కంపెనీ టూర్ ధరలో రెండు సరుకులు కలిపి అమ్ముతున్నారు. ఒకటి ఊరు చూపించడం, రెండోది ఓడ తప్పిపోదన్న భరోసా. ఈ రెండోది నిజానికి ఇన్సూరెన్సే. దాన్ని ప్రతి రేవులోనూ కొనాలని మావయ్యగారు, ఎక్కడా వద్దని మీ ఆఫీసు స్నేహితులు. నేను ఇద్దరితోనూ ఏకీభవించను. ఓడ తప్పిపోయే అవకాశం ఎక్కడ ఎక్కువో, తప్పితే ఎక్కడ ఎక్కువ ఖర్చవుతుందో చూసి అక్కడ మాత్రం కొనండి.

ఇంకో సంగతి. కంపెనీ టూర్లు తలకింత అని అమ్ముతారు, టాక్సీ బండికింత అని తీసుకుంటుంది. ఇద్దరే వెళ్తే రెండింటికీ తేడా పెద్దగా కనిపించకపోవచ్చు. ఐదుగురున్న ఇంటికి ఆ తేడా బాగా కనిపిస్తుంది. మీ స్నేహితులు సగం అంటున్నది అందుకే.

ఇక రేవుల సంగతి. పోర్ట్ క్లాంగ్ పక్కన ప్రకటనల్లో కౌలాలంపూర్ అని రాస్తారు గానీ ఓడ ఆగేది నగరానికి 40 కిలోమీటర్లకి పైనే ఇవతల. మిమ్మల్ని శ్రీపెరుంబుదూరులో దించి, టీనగర్ చూసి సాయంత్రానికల్లా వచ్చేయమన్నట్టు. బటు కేవ్స్ నగరం దాటి ఇంకా ఉత్తరాన, మరో 13 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో నగరం ట్రాఫిక్ అంతా దాటుకుని రావాలి. ఆలస్యమయ్యే అవకాశం మీ మూడు రేవుల్లోనూ ఇక్కడే ఎక్కువ. కాబట్టి ఇక్కడ కంపెనీ టూరే తీసుకోండి, ఐదుగురూ వెళ్లండి, 42,500. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు బటు కేవ్స్‌లో 272 మెట్లు ఎలా ఎక్కుతారని అడుగుతారేమో. ఎక్కక్కర్లేదు. 2006లో నిలబెట్టిన ఆ 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం ఉన్నది మెట్ల కింద, గుళ్లు కొన్ని కిందా ఉన్నాయి. తిరుత్తణి వెళ్లొచ్చే చెన్నైవాళ్లకి కింద నిలబడి దణ్ణం పెట్టుకున్నా తృప్తిగానే ఉంటుంది. డబ్బు కట్టేముందు టూర్ వివరాలు మాత్రం నింపాదిగా చదవండి. ట్విన్ టవర్స్ పక్కన ‘ఫోటో స్టాప్’ అని ఉంటే రోడ్డు మీద నిలబడి ఫోటో తీసుకోవడమే, పైకి వెళ్లడం ఉండదు. భోజనం కలిపారా, కలిపితే శాకాహారం ఉందా, మొత్తం గంటల్లో బస్సులో గడిచేది ఎంత అన్నవీ అడగండి. ఎనిమిది గంటల టూర్ అంటే ఎనిమిది గంటలూ ఊరు చూడటం కాదు.

పెనాంగ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. రేవు గేటు దాటితే ఫోర్ట్ కార్న్‌వాలిస్ కనిపిస్తుంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన పాత వీధులన్నీ ఆ చుట్టుపక్కలవే. లిటిల్ ఇండియా, 1833 నాటి మహామారియమ్మన్ గుడి, సముద్రం మీద కర్ర స్తంభాలు పాతి కట్టుకున్న చైనీస్ కుటుంబాల ఇళ్లు, అన్నీ దగ్గరే. అలసట అనిపిస్తే వెనక్కి తిరిగి ఓడలోకి వెళ్లిపోవచ్చు. ఇలాంటి చోట ఓడ తప్పిపోదన్న భరోసాకి 30,000 కట్టడం నా దృష్టిలో వృథా. అక్కడ టాక్సీ పిలుచుకునే గ్రాబ్ యాప్ బాగా పనిచేస్తుంది. మామూలు కారు నలుగురికే, మీరు ఐదుగురు కాబట్టి ఆరు సీట్ల బండి ఎంచుకోండి. పొద్దున చల్లగా ఉండగానే అయర్ ఇతాంలోని కెక్ లోక్ సీ బౌద్ధాలయానికి వెళ్లి, మధ్యాహ్నానికి లిటిల్ ఇండియాకి వచ్చి అరిటాకు భోజనం చేయండి. మావయ్యగారు ఇడ్లీ దొరికే ఊరు కాబట్టి సంతోషిస్తారు. దీనికి 10,000 పక్కన పెట్టండి, ఖర్చవకపోతే మిగులుతుంది. పెనాంగ్ హిల్ రైలు పాపకి నచ్చేదే గానీ సెలవుల్లో క్యూ ఎంతసేపో ముందుగా చెప్పలేం. సొంతంగా తిరిగే రోజు చివర్లో అలాంటిది పెట్టుకోవద్దు. అందరూ ఎక్కేయాల్సిన టైముకి రెండు గంటల ముందే రేవు చుట్టుపక్కలకి వచ్చేయండి. మావయ్యగారి టెన్షన్‌కి అదే మందు.

ఫుకెట్ దగ్గర మీ ప్లాన్‌నే మార్చమంటాను. మీరు వెళ్లేది మే నెలలో. అండమాన్ సముద్రం వైపు నైరుతి రుతుపవనాలు మే నుంచి అక్టోబరు దాకా ఉంటాయి, అలలు ఎక్కువ. ఫిఫీ అంటే స్పీడ్ బోటులో దాదాపు గంట. ఎగిరెగిరిపడే బోటులో మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారిని కూర్చోబెట్టి, దానికి 9,500 కట్టడం ఎందుకు? పైగా ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలాసార్లు పటోంగ్ తీరానికి ఎదురుగా లంగరు వేసి, చిన్న టెండర్ బోట్లలో జనాన్ని ఒడ్డుకి చేరుస్తాయి. ఊగే మెట్ల మీంచి బోటులోకి దిగాలి. వాతావరణం బాగోకపోతే ఆ రేవునే వదిలేసి ఓడ ముందుకి వెళ్లిపోవచ్చు కూడా. అలా జరిగితే కంపెనీ టూర్ డబ్బు మామూలుగా వెనక్కి ఇస్తారు. బయట బుక్ చేసుకున్నది మాత్రం అక్కడి ఆపరేటర్ షరతులను బట్టే.

ఇక్కడ ఓడ తప్పిపోతే అయ్యే ఖర్చూ ఎక్కువే. పోర్ట్ క్లాంగ్‌లో తప్పినా పెనాంగ్ అదే దేశంలో ఉంది, రోడ్డు మీద రాత్రికి రాత్రి చేరొచ్చు. ఫుకెట్ తర్వాత ఓడ నేరుగా సింగపూర్‌కి పోతుంది. అప్పటికప్పుడు కొనే విమాన టికెట్లు ఐదింటి లెక్క మీరే వేసుకోండి. ఇంకో చిక్కు గడియారంతో. థాయ్‌లాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక. ఓడ సింగపూర్ టైమే పాటిస్తుంటే, ఐదింటికి ఎక్కాలంటే అక్కడి గడియారంలో నాలుగే. ఒడ్డు మీద సిగ్నల్ అందగానే ఫోను తనంతట తాను థాయ్ టైముకి మారిపోతుంది. దాన్ని చూసుకుని ‘ఇంకా గంట ఉంది’ అనుకున్నవాళ్లకి ఓడ వీపే కనబడుతుంది. దిగేముందు ఓడ టైము ఏది పాటిస్తున్నారో అడిగి, చేతి గడియారం ఒకటి దానికి పెట్టుకోండి.

అందుకే ఫుకెట్‌లో అత్తయ్య, మావయ్యలను ఓడలోనే ఉండనివ్వండి. సగం మంది దిగిపోయాక ఓడ ప్రశాంతంగా ఉంటుంది, భోజనానికి ఎలాగూ డబ్బు కట్టేశారు. ఎలాగూ వచ్చాం కదా, అందరం దిగాల్సిందే అనే పట్టుదలే మన ఇళ్లలో సెలవు ఖర్చుని పెంచేది. మీ ముగ్గురూ కంపెనీ జాబితాలోంచి ఒక సగంరోజు టూర్ తీసుకోండి. మనిషికి 5,000 దగ్గర దొరికితే 15,000. పటోంగ్ బీచ్‌లో జెట్‌స్కీ జోలికి వెళ్లొద్దు. తిరిగిచ్చేటప్పుడు గీత పడిందంటూ డబ్బు గుంజడం అక్కడ పాత గొడవే. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో అలాంటి సాహస క్రీడలకి కవర్ కూడా ఉండదు.

లెక్క చూడండి. 42,500, 10,000, 15,000 కలిపి 67,500. మీ దగ్గర 75,000 ఉన్నాయి. ఈఎంఐ అవసరమే రాదు.

మీవారు అడిగారు కాబట్టి ఆ ముచ్చటా చెబుతాను. 45,000ని 16 శాతం వడ్డీకి పన్నెండు నెలలు పెడితే నెలకి 4,080 పైన పడుతుంది. వడ్డీ దాదాపు 4,000, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 700, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఇద్దరి జీతాల మీద ఇది మోయలేని బరువేం కాదు. నాకున్న అభ్యంతరం వేరు. వచ్చే మే నెలలో పాప సెలవుల దాకా ఈ ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది, ఈ ఏడాది చేసినట్టు ముందే దాచుకోవడం ఆ ఏడాది కుదరదు. మీ ఇంట్లో ఉన్న మంచి అలవాటే అది, దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

మిగిలిన 7,500లో కొంత కార్డు చార్జీలకి పోతుంది. విదేశీ కరెన్సీలో కట్టినప్పుడు చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు చార్జీ వేస్తాయి, దాని మీద జీఎస్టీ. 3.5 శాతం కార్డయితే మొత్తం 4.13 శాతం, 67,500 మీద దాదాపు 2,800. మార్కప్ లేని కార్డు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే అది వాడండి. అక్కడి దుకాణంలో ‘రూపాయల్లో కడతారా’ అని మెషిన్ అడిగితే వద్దనండి, వాళ్లు వేసే రేటు మీకు నష్టం. ఆ ఊరి కరెన్సీలోనే కట్టాలి.

ట్రావెల్ ఏజెంటు ఈ టూర్లను ప్యాకేజీ బిల్లులో కలుపుతానంటే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే పన్ను, కూడా పడుతుంది. దాని రేట్లు, పరిమితులు ఈమధ్య బడ్జెట్లలో మారుతూ వచ్చాయి కాబట్టి బిల్లు మీద ఎంత వేశారో చూడండి. అది పోయే డబ్బు కాదు. పాన్ ఎవరిదైతే వారి పన్ను లెక్కలో జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుకుంటుంది. 2024 అక్టోబరు నుంచి ఉద్యోగులు దాన్ని ఆఫీసులో చూపించి, జీతంలో కోసే టీడీఎస్‌ని ఆ మేరకు తగ్గించుకునే వీలుంది. అందుకని బిల్లు మీ పాన్‌తోనో మీవారి పాన్‌తోనో ఉండాలి. మావయ్యగారి పాన్‌తో కట్టి, ఆయన రిటర్నే వేయకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. విమానం, ఓడ బిల్లులు ఎవరి పాన్‌తో ఉన్నాయో ఇవాళే తీసి చూడండి.

టూర్లు ఓడ ఎక్కాక కొందామని ఆగొద్దు. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే తరచూ కొంత తగ్గుతుంది, బటు కేవ్స్ లాంటివి త్వరగా నిండిపోతాయి. ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఎప్పటిదాకా ఉందో చూసి కొనండి. ఆ గడువులోగా ధర తగ్గితే పాతది రద్దు చేసి కొత్త ధరకి మళ్లీ బుక్ చేసుకోవచ్చు, డబ్బు వెనక్కి వచ్చేది కార్డుకా లేక ఓడలో వాడుకునే క్రెడిట్‌గానా అన్నది ముందే చూసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇంకా తీసుకోకపోతే క్రూయిజ్‌కి వర్తిస్తుందా, అత్తయ్య, మావయ్యల పాత జబ్బులకి కవర్ ఉందా అన్న రెండు ప్రశ్నలకీ జవాబు మెయిల్‌లో రాయించుకోండి.

చెన్నై రేవు నుంచే 2023 జూన్‌లో శ్రీలంకకి క్రూయిజ్ మొదలైనప్పటి నుంచి ఇలాంటి ప్రశ్నలు నాకు ఎక్కువగా వస్తున్నాయి. అక్కడా ఇదే పద్ధతి. ట్రింకోమలీలో దిగితే కోనేశ్వరం కొండ, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటిగా మనవాళ్లు చెప్పుకునే శాంకరీదేవి స్థానం ఊళ్లోనే ఉన్నాయి. కంకేశన్‌తురైలో దిగి జాఫ్నా నల్లూరు గుడికి వెళ్లాలంటే మాత్రం దూరమూ, టైమూ చూసుకోవాలి.

చివరగా మీ కుటుంబానికే సంబంధించిన రెండు సంగతులు. ఓడలో సింగపూర్ వదిలి మళ్లీ సింగపూర్ వస్తున్నారు కాబట్టి ఐదుగురి సింగపూర్ వీసాలూ మల్టిపుల్ ఎంట్రీవో కాదో చూడండి. దిగిన ప్రతిసారీ పెద్దవాళ్ల ఆ రోజు మాత్రలు, మర్నాటివి కూడా, గదిలో కాకుండా మీ హ్యాండ్‌బ్యాగులో ఉండాలి.